పడ్డాక ఏం చెయ్యాలి: షబ్బాత్ తప్పినా, ప్రార్థన వదిలేసినా, నోరు జారినా

శుక్రవారం రాత్రి పదకొండు దాటింది. అది షబ్బాత్, ఫోన్ కూడా ముట్టుకోకూడని మా యూదుల విశ్రాంతి రోజు. దీపాలు ఎప్పుడో కొండెక్కాయి, ఇంట్లో అందరూ పడుకున్నారు, సొరుగులో పెట్టిన ఫోన్ గుర్తొచ్చింది. ఒక్క మెసేజ్ చూసి పెట్టేద్దాం అని తీశా. ఆ మెసేజ్ చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ఆ తర్వాత రాత్రి రెండున్నర దాకా స్క్రోల్ చేస్తూనే కూర్చున్నా, ఎందుకంటే మనసులో ఒకటే మాట తిరుగుతోంది, నిండా మునిగినోడికి చలేంటి, షబ్బాత్ ఎలాగూ పోయింది కదా అని. పొద్దున మా ప్రార్థనా మందిరం సినగాగ్‌కి వెళ్ళలేదు, ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం. మధ్యాహ్నం కిద్దూష్, ద్రాక్షారసం గ్లాసు పట్టుకుని చెప్పే ఆశీర్వాదం, చదువుతుంటే తలెత్తి గ్లాసు వైపు కూడా చూడలేకపోయా. ఆదివారం తెఫిల్లిన్, ప్రార్థనకి చేతికీ తలకీ కట్టుకునే తోలు పెట్టెలు, వాటి సంచి ముట్టుకోలేదు, సోమవారం కూడా. మళ్ళీ మామూలు మనిషినయ్యేసరికి గురువారం వచ్చింది.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నాకు కనపడేది ఇదే, తప్పు రెండు నిమిషాలు, దాని మీద పడ్డ నిరాశ ఆరు రోజులు, పోయిన మిత్స్వాల్లో, అంటే చెయ్యాల్సిన ఆజ్ఞల్లో, ఎక్కువ భాగం ఆ నిరాశ ఖాతాలోనే పోయాయి.

అందుకే ఇది రాస్తున్నా. షబ్బాత్ కావచ్చు, కషెరూత్ అనే తిండి నియమాలు కావచ్చు, మూడు పూటల ప్రార్థన, ఇంకొకళ్ళ గురించి చెడుగా మాట్లాడకూడదని పెట్టుకున్న నియమం, కళ్ళని అదుపులో పెట్టుకోవడం, ఏదైనా సరే, నిష్ఠగా పాటిద్దామని మొదలుపెట్టి పడిపోయి, ఇంక నావల్ల కాదు అని గోడకి తిరిగి పడుకున్నవాళ్ళ కోసం. తప్పు చిన్నదని చెప్పడానికి కాదు. తప్పు తప్పే. ఆ తర్వాతి గంటలో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు, అది చెప్దామని.

మొట్టమొదట, వచ్చే ఐదు నిమిషాల సంగతి చూడండి. షబ్బాత్‌లో ఫోన్ ముట్టుకున్నారా, సరే, స్క్రీన్ వెలుగుతోందని ఆఫ్ చెయ్యడానికి మళ్ళీ నొక్కొద్దు, అలాగే పక్కన పెట్టేసి ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోండి. ఇది చాలామంది అర్థం చేసుకోరు, షబ్బాత్ అంటే ఒక గాజు గ్లాసు, ఒకసారి కింద పడితే అయిపోయింది అనుకుంటారు. హలఖా, అంటే మా ధర్మశాస్త్రం, అలా చూడదు. శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి మర్నాడు రాత్రి నక్షత్రాలు వచ్చేదాకా ప్రతి నిమిషం షబ్బాతే, పదకొండింటికి తప్పు చేసినవాడికి పదకొండూ ఐదుకి కూడా షబ్బాత్ అంతే ఉంది, ఒక్క నియమం కూడా సడలలేదు. మొదటిసారి వినేటప్పుడు ఇది కఠినంగా అనిపిస్తుంది గానీ నిజానికి ఇంతకంటే ఓదార్పు మాట నాకు దొరకలేదు. నియమం ఇంకా నా మీద ఉందంటే నన్ను ఇంకా వదిలెయ్యలేదని అర్థం కదా. పనిలోంచి తీసేసినవాడికి ఎవరూ పని చెప్పరు.

ఉపవాసం కూడా అంతే. ఉపవాసమని మర్చిపోయి ఏదో నోట్లో వేసుకున్నవాడికి చట్టం చెప్పేది, ఎలాగూ తిన్నావు ఇంక భోంచెయ్యి అని కాదు, మిగతా రోజంతా ఉపవాసం కొనసాగించు అని.

అన్నిటికంటే నాకు బాగా నచ్చే ఉదాహరణ ఓమెర్ లెక్క. పేసహ్ (పస్కా) పండుగ రెండో రాత్రి నుంచి షవూఓత్ పండుగ దాకా 49 రోజులు, ప్రతి రాత్రీ బ్రాఖా, అంటే ఆశీర్వాదం, చెప్పి ఈ రోజు ఎన్నో రోజో లెక్కపెట్టాలి. మొదటి వారం అందరూ ఉత్సాహంగా చేస్తారు, పన్నెండో రోజో పదిహేడో రోజో నిద్ర పట్టేస్తుంది, మర్చిపోతారు. అప్పుడేం చెయ్యాలి? మర్నాడు పగలు గుర్తొస్తే బ్రాఖా లేకుండా లెక్కపెట్టి, ఆ రాత్రి నుంచి మళ్ళీ బ్రాఖాతో మామూలుగా కొనసాగించాలి. ఒక రోజు రాత్రీ పగలూ మొత్తం పోయిందా, అప్పుడు బ్రాఖా పోయింది, కానీ లెక్క పోలేదు, మిగిలిన రాత్రులన్నీ బ్రాఖా లేకుండా లెక్కపెడుతూనే ఉండాలి. నాకు తెలిసినవాళ్ళలో ఒకాయన ప్రతి ఏడూ ఇరవయ్యో రోజు లోపలే బ్రాఖా పోగొట్టుకుంటాడు, అయినా 49వ రాత్రి దాకా లెక్కపెట్టకుండా పడుకోడు, పక్కవాళ్ళు బ్రాఖా చెప్తే ఆమేన్ అని తను నెమ్మదిగా నంబర్ చెప్పుకుంటాడు. ఆయన్ని చూసి నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. పోయింది పోయిందని ఒప్పుకుంటూనే ఉన్నదాన్ని పట్టుకుని నడవచ్చని.

అలాగే పొద్దున తెఫిల్లిన్ కట్టుకోలేదా, సూర్యాస్తమయం దాకా టైముంది, మధ్యాహ్నం మూడింటికి కట్టుకోండి. నిద్రపట్టేసో మర్చిపోయో పొద్దుటి ప్రార్థన షఖరీత్ పోయిందా, మధ్యాహ్నం ప్రార్థన మిన్హాలో అమీదా, అంటే నిలబడి చెప్పే ముఖ్య ప్రార్థన, రెండుసార్లు చెప్పుకోవచ్చు, మొదటిది మిన్హాకి, రెండోది పోయినదానికి. కావాలని మానేసినదానికి ఆ అవకాశం లేదు, అది నిజం, కానీ మిన్హా మాత్రం ఉంది, అది మీదే, దాన్ని కూడా ఎందుకు పోగొట్టుకోవాలి. అంటే పడిన వెంటనే వేసుకోవాల్సిన ప్రశ్న, నేనెంత చెడ్డవాణ్ణి అని కాదు, నెక్స్ట్ చెయ్యాల్సింది ఏంటి, ఎన్నింటికి.

ఇక్కడ మా పాత ధర్మగ్రంథం తల్ముద్‌లో ఒక కథ ఉంది, కాస్త ఆగి చెప్తా, ఎందుకంటే ఈ విషయం మొత్తం అందులోనే ఉంది. ఎలీషా బెన్ అబూయా అని రెండో శతాబ్దపు మహా పండితుడు, రబ్బీ (అంటే మతగురువు) అకీవా కాలం వాడు, తర్వాత దారి తప్పాడు. ఎంతగా అంటే ఆయన పేరు పలకడం మానేసి ఆఖెర్, అంటే ఇంకొకడు, వేరేవాడు, అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు రబ్బీ మేయిర్ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒక షబ్బాత్ రోజు ఆఖెర్ గుర్రం మీద పోతున్నాడు, షబ్బాత్‌లో గుర్రం ఎక్కకూడదు, అందరికీ తెలుసు, రబ్బీ మేయిర్ ఆ గుర్రం వెనకాల నడుస్తూ తోరా, మా పవిత్ర గ్రంథం, నేర్చుకుంటున్నాడు. కొంత దూరం పోయాక ఆఖెర్ వెనక్కి తిరిగి, మేయిర్, ఇంక వెనక్కి వెళ్ళిపో, నా గుర్రం అడుగులు లెక్కపెట్టా, షబ్బాత్ హద్దు ఇక్కడి దాకానే అన్నాడు. ఊరి బయట 2,000 మూరలు దాటి షబ్బాత్‌లో నడవకూడదు, ఆ హద్దు. రబ్బీ మేయిర్ అన్నాడు, మీరు కూడా వెనక్కి వచ్చెయ్యండి. దానికి ఆఖెర్ జవాబు, నీకు చెప్పాను కదా, తెర వెనక నుంచి నాకో స్వరం వినపడింది, దారి తప్పిన పిల్లలారా తిరిగి రండి, ఆఖెర్ తప్ప, అని.

ఒకసారి ఆ దృశ్యం కళ్ళ ముందు పెట్టుకోండి. గుర్రం మీద కూర్చుని షబ్బాత్ మీరుతున్న మనిషి, ఆ గుర్రం ఒక్కో అడుగూ లెక్కపెడుతున్నాడు, తన కోసం కాదు, శిష్యుడు హద్దు దాటకూడదని. అంటే షబ్బాత్ ఆయన లోపల చెక్కుచెదరకుండా ఉంది, ఆ లెక్క తప్పలేదు, ప్రేమ పోలేదు. పోయిందల్లా ఒక్కటే, ఇది నాకు కూడా అనే నమ్మకం. అందరికీ తలుపు తెరిచి ఉంది, నాకు తప్ప. మనకి షబ్బాత్ తప్పిన మర్నాడు పొద్దున వినపడే మాట కూడా అదే కదా, వాళ్ళందరూ సినగాగ్‌కి వెళ్ళచ్చు, నేను కాదు. తర్వాతి కాలపు గురువులు ఈ కథ మీద చెప్పింది ఏంటంటే, ఆ స్వరం వినపడినా సరే ఆయన వెనక్కి రావాల్సింది, వచ్చుంటే తీసుకునేవాళ్ళు, మా ఇంట్లోంచి పో అని ఆతిథ్యం ఇచ్చేవాడు అన్నా ఆ ఒక్క మాట వినక్కర్లేదు అని. తల్ముద్ కూడా ఆయన్ని ఊరికే వదిలెయ్యలేదు, ఆఖెర్ చనిపోయాక ఆయనకి పరలోకంలో చోటు కోసం ముందు రబ్బీ మేయిర్, ఆ తర్వాత రబ్బీ యోహనాన్ పట్టుబట్టారని చెప్తుంది.

కాబట్టి నీకు తప్ప అనే గొంతు వినపడినప్పుడు అది ఎంత పవిత్రంగా వినపడినా, పైనుంచి వచ్చినట్టే ఉన్నా, వినకండి. దాన్ని ఎలా గుర్తుపట్టాలంటే, యేట్సెర్ హారా, అంటే మనలో చెడు వైపు లాగేది, రెండు గొంతులతో మాట్లాడుతుంది. తప్పు చేసే ముందు, అబ్బే ఇదేమంత పెద్ద విషయం, ఒక్క మెసేజ్, ఎవరికి నష్టం, అంటుంది. చేసిన మరుక్షణం, ఎంత ఘోరం చేశావు, నీలాంటివాడికి క్షమాపణ ఎక్కడిది, అంటుంది. రెండూ ఒకటే నోరు. ముందు గోరంత చేసి చూపించి తర్వాత కొండంత చేసేది ఒకే ఒక్కటి. పద్దెనిమిదో శతాబ్దపు గురువు బాల్ షెమ్ తోవ్ బోధలుగా వచ్చిన మాటల్లో కూడా ఈ హెచ్చరిక ఉంది, చిన్నదాన్ని పట్టుకుని మహాపాపం చేశావని దుఃఖంలో ముంచి, ఆ దుఃఖంతో దేవుడి సేవ మొత్తం ఆపించడమే దాని అసలు ఉద్దేశమని.

అయితే బాధపడకూడదా? పడాలి. పశ్చాత్తాపం లేకుండా తెషువా, అంటే తప్పు వదిలి దేవుడి దగ్గరికి తిరిగి రావడం, లేదు. కానీ రెండు రకాల బాధలున్నాయి, హబాద్ శాఖ గురువు రబ్బీ ష్నేయుర్ జల్మాన్ 1796లో అచ్చయిన తాన్యా అనే పుస్తకంలో వీటిని విడదీసి చూపించారు. ఒకటి మెరిరూత్, చేదు, లోపల కుతకుతలాడుతుంది, ఏదో ఒకటి చేసి బాగుచెయ్యాలనిపిస్తుంది, అందులో ప్రాణం ఉంటుంది. రెండోది అత్స్వూత్, దుఃఖం, గుండె రాయిలా బిగుసుకుపోతుంది, ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. ఆయన చెప్పిన పోలిక కుస్తీ పట్టే ఇద్దరిది, ఒకడు ఎంత బలవంతుడైనా సరే బద్ధకంగా, బరువుగా ఉంటే చురుగ్గా ఉన్న బలహీనుడి చేతిలో సులువుగా పడిపోతాడు. అంటే నిరాశతో ఉన్నవాడు రేపటి కుస్తీ కూడా ఈ రాత్రే ఓడిపోయాడు. మీరు పడే బాధ ఏదో తెలుసుకోవాలంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు, ఆ బాధ మిమ్మల్ని లేపి చేతులు కడిగించి ప్రార్థనల పుస్తకం సిద్దూర్ తెరిపిస్తే మొదటిది, దుప్పటి కప్పుకుని పడుకోబెడితే రెండోది.

బాధకి ఒక టైం పెట్టండి. ఇది కూడా ఆ పుస్తకంలోదే, నాకు చాలా పనికొచ్చింది. ప్రార్థన మధ్యలో, పని మధ్యలో, పిల్లలతో ఉన్నప్పుడు ఆ తప్పు గుర్తొచ్చి గుండె నొక్కేస్తుంటే, ఇప్పుడు కాదు, రాత్రి చూసుకుందాం అని పక్కకి తోసెయ్యాలి. రాత్రి పడుకునే ముందు షెమా ప్రార్థన చెప్పుకోవడానికి ముందు ఒక పదిహేను నిమిషాలు, ఒంటరిగా, తలుపు వేసుకుని, అప్పుడు ఏడవాలనిపిస్తే ఏడవండి. పదిహేను నిమిషాలు అయ్యాక లేవండి. షబ్బాత్ రోజున ఈ లెక్కలు పెట్టుకోకండి, షబ్బాత్ దుఃఖపడే రోజు కాదు, ఆ షబ్బాత్‌నే మీరు తప్పినా సరే.

ఆ పదిహేను నిమిషాల్లో చెయ్యాల్సింది విద్దూయ్, అంటే ఒప్పుకోవడం. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో ఉండి రంబామ్, అదే మైమోనిడిస్, తెషువా చట్టాలన్నీ ఒకచోట పెట్టారు, దాని ప్రకారం తప్పు వదిలెయ్యాలి, మళ్ళీ చెయ్యనని మనసులో తీర్మానించుకోవాలి, జరిగినదానికి పశ్చాత్తాపపడాలి, ఇవన్నీ నోటితో చెప్పాలి. నోటితో అన్నది ముఖ్యం. మనసులో తిప్పుకుంటూ ఉంటే అది ఒడ్డు లేని చెరువు, అందులో తిరుగుతూనే ఉంటాం. నోటితో చెప్పేసరికి దానికి మొదలూ చివరా వస్తాయి. రంబామ్ చెప్పిన మాటల సారం ఇది, ప్రభూ, నీ ముందు తప్పు చేశాను, ఇలా ఇలా చేశాను, పశ్చాత్తాపపడుతున్నాను, చేసినదానికి సిగ్గుపడుతున్నాను, ఇంకెప్పుడూ దాని జోలికి పోను. ఆ ఇలా ఇలా అన్న చోట చేసిన పని పేరు పెట్టాలి. నేను పనికిమాలినవాణ్ణి అనేది విద్దూయ్ కాదు, అది నిరాశే, విద్దూయ్ వేషం వేసుకుని వచ్చింది. శుక్రవారం రాత్రి ఫోన్ తీశాను, రెండున్నర దాకా చూశాను, పొద్దున ప్రార్థనకి వెళ్ళలేదు, ఇది విద్దూయ్. మీ మాతృభాషలో చెప్పచ్చు. మధ్యలో ఎవరూ అక్కర్లేదు, ఇది మీకూ దేవుడికీ మధ్య, రబ్బీ దగ్గరికెళ్ళి ఒప్పుకోవాలన్న నియమం లేదు, దేవుడి పట్ల చేసిన తప్పుల్ని ఊరంతా చెప్పుకోవడం మంచిది కాదని కూడా రంబామ్ అన్నారు.

తప్పు ఇంకో మనిషి పట్ల అయితే సంగతి వేరు. అక్కడ ఏడాదికోసారి క్షమాపణ కోసం ఉపవాసం ఉండే రోజు, యోమ్ కిప్పుర్, కూడా సరిపోదు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా, తల్ముద్‌కి మూలమైన మిష్నా సూటిగా చెప్పేసింది. డబ్బు ఇవ్వాల్సుంటే ఇచ్చెయ్యండి, మాట అన్నారా, ఫోన్ చేసి క్షమించమని అడగండి. ఇక్కడ ఎక్కువ రాయను, ఎందుకంటే ఇది కష్టమే గానీ అర్థం కానిది ఏమీ లేదు.

మళ్ళీ చెయ్యను అన్న తీర్మానం దగ్గర నిజాయితీ ఉన్నవాళ్ళందరూ ఇరుక్కుంటారు. మళ్ళీ చేస్తానని నాకే తెలుసు కదా, దేవుడి ముందు అబద్ధం ఎందుకు చెప్పాలి అని. నాకు ఒక పెద్దాయన చెప్పిన మాట, ఈ రాత్రి, ఈ నిమిషం, నిజంగా వద్దనుకుంటున్నావా, అనుకుంటే అది అబద్ధం ఎలా అవుతుంది. దానికి తోడు చిన్నది ఒకటి పట్టుకోండి, చాలా చిన్నది. ఇకమీదట జీవితంలో ఫోన్ ముట్టను అని కాదు. వచ్చే శుక్రవారం దీపాలు వెలిగించే ముందే ఫోన్ స్విచాఫ్ చేసి, ఛార్జర్‌తో సహా బీరువా పై అరలో పెట్టి, తాళం ఇంకొకళ్ళకి ఇస్తాను, ఒక్క వారానికి, బ్లీ నేదెర్. ఈ బ్లీ నేదెర్ మర్చిపోవద్దు, అంటే మొక్కు కాదు అని, ఎందుకంటే మొక్కు తప్పితే అది ఇంకో పాపం, పడ్డవాడి మెడకి ఇంకో రాయి ఎందుకు. పందొమ్మిదో శతాబ్దంలో రబ్బీ ఇస్రాయేల్ సలాంటర్ మొదలుపెట్టిన నడవడి దిద్దుకునే ముసార్ ఉద్యమం అంతా ఇలాంటి చిన్న చిన్న తీర్మానాల మీదే నడిచింది. రంబామ్ పూర్తి తెషువా అంటే ఏంటో చెప్తూ, అదే అవకాశం మళ్ళీ చేతికొచ్చి, చెయ్యగలిగి ఉండి కూడా చెయ్యకపోవడం అన్నారు. అంటే వచ్చే శుక్రవారం రాత్రి పదకొండు అనేది భయపడాల్సిన టైం కాదు, తెషువా పూర్తయ్యే టైం. అలాగని పరీక్షించుకోవడానికి ఫోన్‌ని దిండు కింద పెట్టుకోవద్దు సుమా.

అయినా మళ్ళీ పడితే? పడతాం. అదే తప్పు, నలభయ్యోసారి. అసలు నిరాశ అక్కడే ఉంది, మొదటిసారి పడ్డవాడు ఏడుస్తాడు, నలభయ్యోసారి పడ్డవాడు ఏడవడం కూడా మానేస్తాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మనవాళ్ళు అంటారు, మంచి సామెతే, కానీ అది తొక్కకముందు చెప్పాల్సిన మాట, తొక్కినవాడికి కాలు కడుక్కోవడం తప్ప ఇంకో దారి లేదు, ఆ బురద కాళ్ళతో ఇల్లంతా తిరుగుతాడా ఏంటి.

సామెతల గ్రంథంలో 24వ అధ్యాయం 16వ వచనం, నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును, అందరికీ తెలిసిందే. దీన్ని మామూలుగా, ఏడుసార్లు పడినా సరే లేస్తాడు, అంత గొప్పవాడు అని చదువుతాం. రబ్బీ యిత్సహాక్ హుట్నర్ అని 1980లో చనిపోయిన గొప్ప యెషీవా (మా ధర్మగ్రంథాలు నేర్పే విద్యాలయం) గురువు, ఇలాగే కుంగిపోయిన ఒక విద్యార్థికి రాసిన ఉత్తరంలో దీన్ని వేరేగా చదివారు, ఆ ఏడుసార్లు పడి లేవడం వల్లే అతను నీతిమంతుడయ్యాడు అని. మనం పెద్దవాళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు వాళ్ళు చేరిన శిఖరం దగ్గర్నుంచి మొదలుపెడతాం, చెడు మాట్లాడకూడదని బోధించిన గురువు హఫెత్స్ హయీమ్ నోటి శుద్ధి గురించి అందరూ మాట్లాడతారు, అక్కడికి చేరేలోపు ఆయన ఎన్ని యుద్ధాలు చేశారో, ఎన్నిసార్లు పడ్డారో ఎవరు చెప్తున్నారు అని అందులో అడుగుతారు. ఆ ఉత్తరం అచ్చయింది, యెషీవా పిల్లలు ఇప్పటికీ ఒకరికొకరు ఇచ్చుకుంటారు.

నమ్మకం కుదరకపోతే సిద్దూర్ తీసి చూడండి. వారంలో మామూలు రోజుల్లో మూడు పూటలా చెప్పే అమీదాలో ఐదో ఆశీర్వాదం మమ్మల్ని తిరిగి రప్పించు అని, ఆరోది సెలాఖ్ లాను, మమ్మల్ని క్షమించు అని. చెప్తూ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటాం. రోజుకి మూడుసార్లు, ప్రతి ఒక్కరూ, ముందు వరసలో కూర్చునే పెద్ద రబ్బీతో సహా. మీరు పడతారని ఆ ప్రార్థన కూర్చినవాళ్ళకి ముందే తెలుసు. ఇంకో విషయం, యోమ్ కిప్పుర్ రోజంతా ఉపవాసం ఉండి, చివరి ప్రార్థన నెయిలా అయ్యి, పొట్టేలు కొమ్ము షోఫార్ ఊది, అందరూ పాలిపోయిన ముఖాలతో నిలబడి వెంటనే రాత్రి ప్రార్థన మారివ్ మొదలుపెడతారు, ఆ మారివ్‌లో కూడా సెలాఖ్ లాను ఉంది. ఏడాది మొత్తంలో మనిషి అంతకంటే శుభ్రంగా ఉండే నిమిషం ఇంకోటి లేదు, ఆ నిమిషంలో కూడా క్షమించమని అడిగిస్తున్నారు. నాకైతే మొదటిసారి అది గమనించినప్పుడు ఒళ్ళు జలదరించింది.

యోమ్ కిప్పుర్ పుట్టిందే అలాంటి రోజు. పది ఆజ్ఞలు రాసున్న మొదటి పలకల్ని మోషే పగలగొట్టింది తమ్మూజ్ నెల 17న, బంగారు దూడని చూసి, రెండో పలకలు పట్టుకుని దిగింది తిష్రీ నెల 10న, అదే యోమ్ కిప్పుర్. పగిలిన మొదటి పలకల ముక్కల్ని ఏం చేశారు? పారెయ్యలేదు. కొత్త పలకలతో పాటు అదే మందసంలో, అంటే పలకలు దాచే పవిత్రమైన పెట్టెలో, పెట్టారని తల్ముద్ చెప్తుంది, ఎడారంతా రెండూ కలిపే మోశారు.

పగిలినవాటి సంగతి అలా ఉంచి, పగలనివి కూడా వెతకాలి. బ్రెస్లవ్ రబ్బీ నహ్మాన్ దీన్ని ఒక అభ్యాసంలా నేర్పారు, మనలో ఏదో ఒక మంచి చుక్క వెతుక్కోమని. నేను ఏ మంచీ చెయ్యలేదు అనిపిస్తే ఇంకా వెతకమన్నారు, ఆ మంచి పనిలో కూడా గర్వం, స్వార్థం కలిసుంటే, ఉంటాయి, అయినా అందులో కొంచెం మంచి ఎలా లేకుండా పోతుంది అన్నారు. ఇది నేను శనివారం రాత్రి కాగితం మీద రాస్తాను. మొన్నటి కాగితంలో ఉన్నవి, సోమవారం అమ్మకి మందులు తెచ్చా, ఒకళ్ళ గురించి మాట నోటిదాకా వచ్చింది ఆపుకున్నా, రొట్టె తినే ముందు చేతులు కడుక్కున్నా. చదివితే పెద్దగా ఏమీ అనిపించదు కానీ నేనేం చెయ్యలేదు అన్నది మాత్రం అబద్ధమని తేలిపోతుంది. అసలు లోకంలో నిరాశ అనేదే లేదు అన్న మాట ఆయనదే, ఆ మాట సుఖంగా కూర్చుని అన్నది కాదు, 1810లో ఉమాన్‌లో, క్షయ ముదిరిపోయి, చనిపోవడానికి కొన్ని వారాల ముందు అన్నది, అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. పిల్లల్ని పోగొట్టుకున్నాడు, భార్యని పోగొట్టుకున్నాడు, ఇల్లు కాలిపోయింది. అందుకే ఆ మాట నేను నమ్ముతాను. నువ్వు పాడుచెయ్యగలవని నమ్మితే బాగుచెయ్యగలవని కూడా నమ్ము అన్నది కూడా ఆయనే.

కొన్ని జాగ్రత్తలు. శిక్షగా కడుపు మాడ్చుకోవద్దు, నిద్ర మానుకోవద్దు, పాత పుస్తకాల్లో కనపడే కఠిన ఉపవాసాల జాబితాలు మనకి కాదు, తెషువా అంటే తప్పు వదలడం, ఉపవాసం కాదని తాన్యా రచయితే రాశారు. ఒక మనిషిని పట్టుకోండి, కలిసి చదువుకునే హవ్రూతా కావచ్చు, మీ రబ్బీ కావచ్చు, అన్నీ చెప్పక్కర్లేదు, ఈ వారం బాగోలేదు అని చెప్తే చాలు. మిష్నాలో ఒక నియమం ఉంది, తెషువా చేసినవాడితో నీ పాత పనులు గుర్తు చేసుకో అని అనకూడదు, అది మాటలతో హింసించడం. ఎదుటివాళ్ళకే ఆ హక్కు లేదంటే, రోజుకి ఇరవైసార్లు మీకు మీరే ఎందుకు అనుకుంటున్నారు?

ఇంకొకటి సీరియస్‌గా చెప్పాలి. కొంతమందికి ఇది ఆధ్యాత్మిక బాధ కాదు, జబ్బు. షెమాలో ఒక్క పదం సరిగ్గా పలికానో లేదో అని పదేసిసార్లు మళ్ళీ చెప్పడం, కలవకూడని పాలూ మాంసం కలిశాయేమోనని అదే గిన్నె గంటసేపు కడగడం, రబ్బీ పర్లేదన్నా మనసు ఒప్పుకోకపోవడం, ఇది ఓసీడీ అనే మానసిక జబ్బు రూపం, దీనికి మంచి చికిత్స ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అనుభవమున్న రబ్బీలు కూడా అదే చెప్తారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకండి. అది పికూఆహ్ నెఫెష్, ప్రాణాపాయం, షబ్బాత్ రాత్రి అయినా సరే ఫోన్ తీసి సాయానికి కాల్ చెయ్యాలి, చెయ్యొచ్చు అని కాదు, చెయ్యాలి, అప్పుడు ఆ ఫోన్ ఎత్తడమే మిత్స్వా.

పొద్దున లేవగానే మోదే అనీ అనే కృతజ్ఞత ప్రార్థన, చేతుల మీద మూడేసిసార్లు నీళ్ళు, ఆ తర్వాత వచ్చే ప్రార్థన, నా దేవా, నువ్వు నాకిచ్చిన ఆత్మ శుద్ధమైనది. నిన్న శుద్ధమైనది అని కాదు, శుద్ధమైనది అనే ఉంది. నోరు రాకపోయినా చెప్పండి. పడిన మర్నాడు పొద్దున కూడా అదే వాక్యం, సిద్దూర్‌లో మీ కోసం వేరే పేజీ లేదు.

తప్పిన షబ్బాత్‌కి కూడా హవ్దాలా, షబ్బాత్ ముగిసేటప్పుడు చేసే చిన్న వేడుక, చెయ్యాలి, ఇది నేను మొదట్లో చేసేవాణ్ణి కాదు, పాటించనిదానికి ముగింపు ఏంటి అని. చెయ్యాలి. మూడు నక్షత్రాలు కనపడ్డాక గిన్నె పొర్లేలా ద్రాక్షారసం పొయ్యండి, లవంగాలో దాల్చినచెక్కో వాసన చూడండి, పేనిన కొవ్వొత్తి వెలిగించండి. వెలుగు బ్రాఖా చెప్పాక వేళ్ళు ముడిచి ఆ మంట దగ్గర పట్టి గోళ్ళ మీద వెలుగు పడేలా చూసుకుంటారు కదా, నిన్న రాత్రి ఫోన్ పట్టుకున్న చెయ్యి ఏదో, ఆ చెయ్యే పెట్టండి. తర్వాత కొవ్వొత్తిని ఆ ఒలికిన రసంలో ఆర్పేసి, ఫోన్ తియ్యకముందే, వచ్చే శుక్రవారానికి ఆ బీరువా తాళం ఎవరికి ఇస్తారో వాళ్ళతో ఇప్పుడే మాట్లాడండి.